బ్రెస్ట్ క్యాన్సర్: మనిషి స్వభావం జబ్బును తెస్తుందా, ఆసుపత్రికి వెళ్లడాన్ని మారుస్తుందా?

ఈరోజు టాపిక్ బ్రెస్ట్ క్యాన్సర్. స్టేజీలు, కీమో, ఆపరేషన్ల గురించి మన తెలుగులోనే వీడియోలు బోలెడున్నాయి, మళ్లీ నేను చెప్పక్కర్లేదు. నేను మాట్లాడాలనుకుంటున్నది జబ్బు వచ్చిన మనిషి గురించి. ఆమె ఎలాంటి మనిషి? కంగారు మనిషా, గుంభనంగా ఉండే మనిషా, ఎవరేమన్నా సర్దుకుపోయే మనిషా? ఆ స్వభావం వల్ల ఆమె డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్తుంది, ఎన్నిసార్లు వెళ్తుంది, వెళ్లి ఏం అడుగుతుంది, ఇచ్చిన మందు ఎన్నాళ్లు వేసుకుంటుంది? ఇదీ విషయం.

ఇది మీకెందుకంటే, ఆసుపత్రి యాప్‌లో అపాయింట్‌మెంట్ బుక్ చేసేది మీరే. రిపోర్ట్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసేది మీరే. అమ్మకో, పిన్నికో, అత్తకో ఈ జబ్బు వస్తే, ఇంట్లో ఫోన్ బాగా వాడగలిగిన వాళ్ల మీదే సగం పని పడుతుంది. ఇది మన ఊళ్లకు దూరం విషయమూ కాదు. 2020లో వచ్చిన ఐసీఎంఆర్ క్యాన్సర్ రిజిస్ట్రీ రిపోర్ట్ చూస్తే, వయసుల తేడా సర్దుబాటు చేసి లెక్కేసినప్పుడు, దేశంలోని రిజిస్ట్రీల్లో బ్రెస్ట్ క్యాన్సర్ రేటు ఎక్కువగా ఉన్నది మన హైదరాబాద్ జిల్లాలోనే. ఏడాదికి లక్ష మంది ఆడవాళ్లకు 48.

ముందు ఒక పాత అపోహ తీసేద్దాం. అది బుర్రలో ఉంటే మిగతాదంతా తప్పుగా అర్థమవుతుంది. "పాపం, అన్నీ మనసులోనే పెట్టుకునేది, అందుకే ఆ జబ్బొచ్చింది" అనే మాట మీరు వినే ఉంటారు. పరామర్శకొచ్చి మరీ అంటారు. ఈ మాట మన ఇళ్లలోనే కాదు, పెద్ద పెద్ద సైన్స్ జర్నల్స్‌లో కూడా తిరిగింది. 1975లో లండన్‌లో గ్రీర్, మోరిస్ అనే పరిశోధకులు రొమ్ములో గడ్డకు బయాప్సీ కోసం వచ్చిన 160 మంది ఆడవాళ్లను పరిశీలించి, క్యాన్సర్ ఉన్నవాళ్లలో కోపాన్ని అణచుకునే గుణం ఎక్కువగా కనిపించిందన్నారు. 80ల్లో దానికి "టైప్ సి" స్వభావం అని పేరు కూడా పెట్టారు. బ్రిటన్‌లో చాలా పేరున్న సైకాలజిస్ట్ హాన్స్ ఐజెంక్ అయితే క్యాన్సర్ తెచ్చుకునే స్వభావం ఒకటి ఉందని పేపర్ల మీద పేపర్లు రాశాడు. పొగాకు కంపెనీల డబ్బు ఆయన పరిశోధనలకు అందింది. 2019లో ఆయన పనిచేసిన కింగ్స్ కాలేజ్ లండనే విచారణ జరిపి, ఆయన పేరున్న 26 పేపర్లు నమ్మదగ్గవి కావని తేల్చింది. అర్థమైందిగా, సిగరెట్ మీద పడాల్సిన నింద మనిషి స్వభావం మీద పడితే ఎవరికి లాభమో!

మరి నికరమైన లెక్క ఏంటి? 2010లో స్వీడన్, ఫిన్లాండ్‌లలో 59,548 మంది స్వభావాన్ని ముందే కొలిచి, ఏళ్ల తర్వాత క్యాన్సర్ రిజిస్ట్రీలతో సరిచూశారు. స్వభావానికీ క్యాన్సర్ రావడానికీ సంబంధం దొరకలేదు. 2014లో ఆరు పెద్ద అధ్యయనాలు కలిపి 42,843 మందిని చూశారు. మళ్లీ అదే జవాబు. అమ్మకు క్యాన్సర్ రావడానికి ఆమె మౌనం కారణం కాదు.

ఇంకో వైపు "ధైర్యంగా పోరాడితే గెలుస్తావ్" అనే మాట. ఇది వినడానికి బాగుంటుంది కానీ ఇందులోనూ చిక్కుంది. 1979లో 69 మంది పేషెంట్లను చూసి, పోరాట పటిమ ఉన్నవాళ్లు ఎక్కువకాలం బతికారని లాన్సెట్‌లో రాశారు. అదే లాన్సెట్‌లో 1999లో 578 మంది మీద చేసిన పెద్ద అధ్యయనం వచ్చింది. పోరాట పటిమకూ ఆయుష్షుకూ లంకె కనిపించలేదు. పూర్తిగా చేతులెత్తేసి నిస్సహాయంగా అయిపోయినవాళ్లలో మాత్రం ఫలితం కొంత అధ్వానంగా ఉంది. కాబట్టి కీమో మధ్యలో ఏడుస్తున్న మనిషి దగ్గరికెళ్లి "ఏడవకు, ఏడిస్తే జబ్బు పెరుగుతుంది" అని దయచేసి అనకండి. ఏడవనివ్వండి.

సరే, మరి స్వభావం ఎక్కడ పనిచేస్తుంది? మనిషికీ ఆసుపత్రికీ మధ్య ఉన్న దారిలో. నా ఉద్దేశంలో అసలు విషయమంతా ఇక్కడే ఉంది.

సైకాలజీలో ఎక్కువగా వాడే కొలత "బిగ్ ఫైవ్". ఐదు గుణాలు. ఆందోళన పడే గుణం, దాన్ని న్యూరోటిసిజం అంటారు. పనిని పద్ధతిగా చేసే గుణం, కాన్షియెన్షియస్‌నెస్. కలివిడితనం. సర్దుకుపోయే మెతకతనం. కొత్తదాన్ని స్వీకరించే గుణం. ప్రతి మనిషిలోనూ ఐదూ ఉంటాయి, పాళ్లే తేడా. మనకు ఇక్కడ ఎక్కువ పనికొచ్చేవి మొదటి రెండూ, సర్దుకుపోయే గుణమూ. మిగతా రెండూ వదిలేద్దాం.

ఇద్దరు అమ్మలను ఊహించుకుందాం. ఇద్దరికీ 52 ఏళ్లు, ఇద్దరికీ రొమ్ములో నొప్పి లేని గడ్డ తగిలింది. ఒకావిడ ఆ రాత్రే నిద్రపోదు. పొద్దున్నే కూతురికి ఫోన్ చేస్తుంది, సాయంత్రానికి స్కానింగ్ అయిపోతుంది. రెండో ఆవిడ ఎవరికీ చెప్పదు. మూడు నెలల తర్వాత కొడుకు గమనించి "అమ్మా, ఎన్నాళ్ల నుంచి ఉంది ఇది?" అంటే, "ఏం కాదులేరా, నొప్పి లేదుగా. నీ పరీక్షలు అయ్యాక చూపించుకుందామనుకున్నా" అంటుంది. ఈ రెండో ఆవిడను మనం మంచి మనిషి అంటాం, ఓర్పు గల మనిషి అంటాం. నిజమే. కానీ ఆ ఓర్పు ఖరీదు చూడండి. 1999లో 87 అధ్యయనాల్లోని 1,01,954 మంది పేషెంట్ల వివరాలు కలిపి చూశారు. లక్షణం కనిపించాక మూడు నెలలు, అంతకన్నా ఎక్కువ ఆలస్యమైనవాళ్లలో, ఐదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు 12 శాతం తక్కువ. ఇక్కడ "నొప్పి లేదుగా" అన్న మాటే మోసం. బ్రెస్ట్ క్యాన్సర్ గడ్డ చాలామందిలో మొదట నొప్పి పెట్టదు. చర్మం నారింజ తొక్కలా గుంటలు పడటం, చనుమొన లోపలికి పోవడం, దాని నుంచి రక్తం కారడం, చంకలో గడ్డ, ఇవి కూడా నొప్పి లేకుండానే ఉండొచ్చు. నొప్పి వస్తేనే జబ్బు అనుకునే ఓర్పు గల మనిషికి ఇంతకన్నా ప్రమాదకరమైన లక్షణం ఇంకోటి లేదు.

అలాగని మొదటి ఆవిడ స్వభావమే గొప్పది అనుకోవద్దు. ఆందోళన ఎప్పుడూ ఆసుపత్రి వైపే నడిపించదు. కొందరిలో అది "బయాప్సీ చేస్తే సూది తగిలి పాకిపోతుందట" అనే భయంగా మారి, సరిగ్గా వెళ్లాల్సిన రోజునే వెనక్కి లాగుతుంది. (బయాప్సీ వల్ల క్యాన్సర్ పాకిపోతుందన్నది అపోహ. అది లేకుండా ఏ రకం క్యాన్సరో, ఏ మందు పనిచేస్తుందో తెలియదు.)

అమెరికాలో సుజాన్ మిల్లర్ అనే సైకాలజిస్ట్ 80ల్లో దీన్ని ఇంకోలా విడదీశారు. ప్రమాదం ఎదురైనప్పుడు కొందరు దాని గురించి ప్రతి వివరం వెతుకుతారు. వాళ్లను ఆవిడ మానిటర్స్ అన్నారు. కొందరు చూపు తిప్పేసుకుంటారు, వాళ్లు బ్లంటర్స్. మన భాషలో ఆరా తీసేవాళ్లు, చూపు తిప్పేవాళ్లు అనుకుందాం. మామూలు క్లినిక్‌కి వచ్చినవాళ్లను 1988లో చూస్తే, ఆరా తీసేవాళ్ల జబ్బు తక్కువ తీవ్రతలో ఉండగానే వచ్చేశారు, కానీ బాధ మాత్రం తీవ్రంగా ఉన్నవాళ్లతో సమానంగా చెప్పారు. అంటే త్వరగా రావడమూ, ఎక్కువ బాధపడటమూ ఒకే ప్యాకేజీ. ఇది చదివినప్పటి నుంచి "ప్రతిదానికీ గూగుల్ చేస్తుంది" అని ఎవరినైనా ఎగతాళి చేస్తుంటే నాకు నవ్వు రావడం మానేసింది.

ఇక ట్రీట్‌మెంట్ మొదలయ్యాక. ఇక్కడ సర్దుకుపోయే గుణం ప్రాణం మీదకు తెచ్చే సందర్భం ఒకటుంది, అది తప్పకుండా గుర్తుపెట్టుకోండి. కీమో ఇచ్చాక రక్తంలో తెల్లకణాలు పడిపోతాయి. సాధారణంగా వారం నుంచి రెండు వారాల మధ్య బాగా తక్కువగా ఉంటాయి. ఆ టైంలో జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిందంటే అది ఎమర్జెన్సీ. పారాసెటమాల్ వేసుకుని పొద్దుటిదాకా చూద్దాం అనే జ్వరం కాదు. రాత్రి రెండైనా సరే ఆసుపత్రికి ఫోన్ చేయాలి, వెళ్లాలి. ఆలస్యమైతే ఇన్ఫెక్షన్ కొన్ని గంటల్లోనే ఒళ్లంతా పాకొచ్చు. ఇప్పుడు మన రెండో అమ్మను తలచుకోండి. రాత్రి రెండింటికి ఒళ్లు కాలిపోతోంది. పక్క గదిలో కోడలు నిద్రపోతోంది, కొడుక్కి పొద్దున ఆఫీసు. లేపుతుందా? లేపదు! "ఎందుకు లేపడం, తెల్లారాక చెబుదాం" అనుకుంటుంది. ఆమె మీద ప్రేమ ఉంటే సరిపోదు. కీమో అయిన రోజే థర్మామీటర్ ఆమె దిండు పక్కన పెట్టి, ఆ రెండు వారాలు రాత్రి అలారం పెట్టుకుని మీరే లేచి చూడాలి. అడిగితే చెప్పని మనిషిని అడగకూడదు, కొలవాలి. వాంతులైనా, విరేచనాలైనా, నోటి పుండ్లైనా ఇదే పద్ధతి. డాక్టర్ "ఎలా ఉన్నారమ్మా?" అంటే "బానే ఉన్నానండీ" అనేస్తుంది. పక్కన మీరు కూర్చుని "మూడు రోజులు ఏమీ తినలేదు సార్" అనాలి. డాక్టర్ ముందు అమ్మ మాట కాదన్నట్టు ఉంటుందేమోనని మొహమాటపడొద్దు.

ఆందోళన ఎక్కువున్నవాళ్ల కథ ట్రీట్‌మెంట్ అయ్యాక మొదలవుతుంది. నెదర్లాండ్స్‌లో టిల్‌బర్గ్ యూనివర్సిటీ వాళ్లు "టైప్ డి" అనే స్వభావం మీద చాలా పని చేశారు. దిగులు ఎక్కువ, దాన్ని బయటికి చెప్పుకోలేకపోవడం ఎక్కువ, రెండూ కలిసినవాళ్లు. కొలవడానికి 14 ప్రశ్నలు. క్యాన్సర్ నుంచి బయటపడిన 3,080 మందిని చూసి 2012లో వాళ్లు రాసిందేమిటంటే, ఇలాంటి స్వభావం ఉన్నవాళ్లకు ఇతర జబ్బులూ ఎక్కువే, వైద్య సేవల వాడకమూ ఎక్కువే. అంటే ఊరికే భయంతో తిరుగుతున్నారని కొట్టేయడానికి లేదు, నిజంగా ఒంట్లో బాగాలేకపోవడమూ ఉంది.

కానీ ఎక్కువ తిరగడం వేరు, ఎక్కువ లాభం వేరు. నడుం నొప్పి వస్తే ఎముకలకు పాకిందేమో, దగ్గు వస్తే ఊపిరితిత్తులకేమో అని భయం. ఆ భయంతో ప్రతి ఆర్నెల్లకు పెట్ స్కాన్, ట్యూమర్ మార్కర్ అంటూ వేలకు వేలు పోస్తారు. ఇటలీలో 20 ఆసుపత్రుల్లో 1,320 మంది ఆడవాళ్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు తరచూ స్కాన్లూ రక్తపరీక్షలూ, ఇంకో గుంపుకు మామూలు పరీక్షలూ చేశారు. 1994లో ఫలితాలు వచ్చాయి. ఆయుష్షులో తేడా లేదు. అందుకే ఇప్పటికీ గైడ్‌లైన్స్ ఏం చెబుతాయంటే, లక్షణాలు లేనివాళ్లకు డాక్టర్ చేతి పరీక్ష, ఏడాదికోసారి మామోగ్రామ్ చాలు. నొప్పి వారాల తరబడి తగ్గకపోతేనో, పెరుగుతుంటేనో అప్పుడు ఆ చోటికి స్కాన్. అప్పుచేసి స్కాన్ తీయించి వారం రోజుల నిశ్చింత కొనుక్కునేవాళ్లను నేను తప్పుపట్టను. కానీ ఆ డబ్బుతో పది సార్లు కౌన్సెలర్ దగ్గరికి వెళ్లొచ్చు, అది ఎక్కువ రోజులు నిలుస్తుంది. మన దగ్గర సైకాలజిస్ట్ అంటే "నాకేమన్నా పిచ్చా?" అంటారు కదా. అలా అనే అమ్మతో డాక్టరే "ఇదీ ట్రీట్‌మెంట్‌లో భాగమే" అని చెబితే వింటుంది. ఆ మాట డాక్టర్ చేత అనిపించే పని మీది.

ఇక మాత్రలు. బ్రెస్ట్ క్యాన్సర్లలో ఎక్కువ శాతం హార్మోన్ పాజిటివ్. వాటికి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాక టామాక్సిఫెన్ లాంటి మాత్ర రోజుకొకటి, కనీసం ఐదేళ్లు, కొందరికి పదేళ్లు. చిన్న మాత్ర, ఖరీదూ తక్కువే. అయినా ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. కాలిఫోర్నియాలో ఇన్సూరెన్స్ ఉన్న, మందులు అందుబాటులో ఉన్న 8,769 మందిని చూస్తే, నాలుగున్నరేళ్ల పాటు సరిగ్గా వాడినవాళ్లు 49 శాతమే. 40 ఏళ్లలోపు వాళ్లు ఇంకా ఎక్కువగా మానేశారు. ఒళ్లంతా ఆవిర్లు, కీళ్ల నొప్పులు, నిద్రలేమి. పైగా జబ్బు పోయిందిగా, ఇంకెందుకు అనే భావన. పద్ధతైన మనిషి అయితే పూజ తర్వాత మాత్ర అని ఒక లెక్క పెట్టుకుంటుంది. కాని మనిషికి ఫోన్‌లో అలారం పెట్టండి, ఏడు గదుల మాత్రల డబ్బా కొనివ్వండి. అలారం కన్నా ముఖ్యం ఇంకోటుంది. కీళ్ల నొప్పికి మాత్ర మార్చొచ్చు, ఆవిర్లకు వేరే ఉపాయాలున్నాయి. కానీ ఆ సంగతి డాక్టర్‌కు చెబితేనే కదా! చెప్పకుండా మానేసి, చెకప్‌లో "వాడుతున్నానండీ" అనేవాళ్లుంటారు. డాక్టర్ తిడతారేమోనని. మళ్లీ అదే మెతకతనం.

ఇదంతా విని ఆన్‌లైన్‌లో పర్సనాలిటీ టెస్ట్ పెట్టి అమ్మకు మార్కులు వేయొద్దు. పద్ధతైన గుణానికీ మందులు సరిగ్గా వాడటానికీ ఉన్న సంబంధాన్ని 2014లో 16 అధ్యయనాలు కలిపి లెక్కేస్తే వచ్చిన అంకె 0.15. సున్నా అంటే సంబంధమే లేదు, ఒకటి అంటే పూర్తి సంబంధం. కాబట్టి సంబంధం ఉంది కానీ చిన్నది. బస్సు ఛార్జీ, తోడు వచ్చే మనిషి, ఇంట్లో వంట ఎవరు చేస్తారు, ఆసుపత్రి ఎంత దూరం, ఇవన్నీ స్వభావాన్ని మింగేస్తాయి. పాడేరు నుంచి విశాఖ రావాల్సిన మనిషి రెండు కీమోలు తప్పిస్తే "ఆవిడకు శ్రద్ధ లేదు" అనడం అన్యాయం.

అందుకే మంచి వ్యవస్థలు స్వభావాన్ని మార్చాలని చూడవు, చుట్టూ ఏర్పాటు చేస్తాయి. 1990లో న్యూయార్క్ హార్లెమ్‌లో హెరాల్డ్ ఫ్రీమన్ అనే సర్జన్ ఒక పని చేశారు. పేషెంట్‌కు దారి చూపించే మనిషిని పెట్టారు. అపాయింట్‌మెంట్ గుర్తుచేయడం, కాగితాలు నింపడం, భయపడితే పక్కన కూర్చోవడం వాళ్ల పని. అంతకుముందు అక్కడి పేద నల్లజాతి మహిళల్లో బ్రెస్ట్ క్యాన్సర్ తర్వాత ఐదేళ్లు బతికినవాళ్లు 39 శాతం. ఉచిత పరీక్షలు, ఈ దారి చూపించే మనుషులు రెండూ వచ్చాక అది 70 శాతం అయింది. మన దేశంలో టాటా మెమోరియల్ వాళ్లు ఇలాంటి వాళ్లకు ఏడాది కోర్సు పెట్టారు, పేరు కేవట్. రాముణ్ణి గంగ దాటించిన పడవవాడి పేరు అది. మన ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ ఆసుపత్రుల్లో డెస్క్ దగ్గర కూర్చునే ఆరోగ్యమిత్ర కూడా కొంతవరకు ఈ పనికి ఉన్నవాళ్లే. కార్డు, అప్రూవల్ లాంటివి వాళ్లనే అడగండి. అమ్మ అడగదు కాబట్టి మీరు అడగండి.

ఇంట్లో పడవవాడు మీరే అయితే, అమ్మ తీరును బట్టి నడపండి. ఆరా తీసే మనిషికి రిపోర్ట్ మొత్తం చదివి చెప్పండి, ఆమె ప్రశ్నలన్నీ ఫోన్‌లో నోట్ చేసి డాక్టర్ ముందు వరుసగా అడగండి. నడుమ గూగుల్ వెతుకులాటకు ఒక టైం పెట్టండి, రాత్రి పడుకునేముందు మాత్రం వద్దు. చూపు తిప్పుకునే మనిషికి స్టేజీలు, శాతాలు వినిపించొద్దు. "బుధవారం తొమ్మిదికి బ్లడ్ టెస్ట్, నేను వస్తున్నా" అంటే చాలు, రేపటి పని ఒక్కటే చెప్పండి. ఇద్దరికీ పనికొచ్చేది ఒకటుంది. డాక్టర్ గదిలోకి వెళ్లేముందు అడగండి: "అమ్మా, నేను మాట్లాడనా, నువ్వు మాట్లాడతావా?" ఆమె చెప్పినట్టే చేయండి. మాట్లాడతానని చెప్పి లోపలికెళ్లి "బానే ఉన్నానండీ" అంటే, అప్పుడు మీ వంతు.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. ఆపరేషన్ తర్వాత చెయ్యి వాపు వస్తుంది కదా, దాని గురించి చాలామంది అడుగుతున్నారు. వచ్చే ఎపిసోడ్‌లో అదే మాట్లాడుకుందాం. ఉంటాను.